అన్నంభట్టు - పరమాణువాదము

సంస్కృతపాఠశాలలో కావ్యములు కొంతవఱకు ముగించి శాస్త్రమున కడుగిడు బాలుని చేతికి మొట్టమొదట వచ్చు పుస్తకము తర్కసంగ్రహము. కాశిలోనైనను, పూనాలోనైనను, మన విజయనగరములోనైనను ఇదియే ఆచారము. పుస్తకము మిక్కిలి చిన్నది. ఒక పూటలో చదివి ముగింపవచ్చును. కాని గ్రహించుటకు ఏడాది చాలదు. దానిని రచించిన అన్నంభట్టు ఆంధ్రుడు. ఈ సంగతి మనలో ఎందఱికి జ్ఞప్తి యున్నది? బంగాళీలు తమ నవద్వీపపు నైయాయికులను, మైథిలులు తమ గంగేశోపాధ్యాయుని నేటికిని పేరుపేరున తలచుకొందురు. మనము అన్నంభట్టు గ్రంథమును వల్లెవేసి, ఆయన ఊరును మఱచితిమి.

ఆయన 17వ శతాబ్దమువాడు. అద్వైతవిద్యాచార్యులని పేర్గాంచిన రాఘవసోమయాజి వంశమున జన్మించిన తిరుమలాచార్యుల కుమారుడు. కృష్ణాతీర ప్రాంతమందలి గరికపాడు ఆయన నివాసమని ప్రసిద్ధి. అప్పటికి విజయనగర సామ్రాజ్యము 1565లో తగిలిన దెబ్బనుండి తేఱుకొనలేక క్షీణించుచుండెను. తీరాంధ్రము గోలకొండ సుల్తానుల యేలుబడిలో నుండెను. మన శ్రీకాకుళమున వారి ఫౌజుదారు షేర్ మహమ్మదుఖాను 1641లో కట్టించిన మసీదు ఆ కాలమునకు నేటికిని సాక్షిగా నిలిచియున్నది. పండితులను పోషించు పెద్ద రాజాస్థానములు తగ్గిపోయిన ఆ దినములలో విద్యయే ధనముగా గలవారికి మిగిలిన దారి కాశిదారి. అన్నంభట్టును ఆ దారినే పోయెను. అచ్చటి విద్వత్సభలలో ఆయన కెంత పేరు కలిగెననగా, కాశికి పోయినంత మాత్రమున ఎవ్వడును అన్నంభట్టు కాజాలడను అర్థముగల సామెత పండితులలో పుట్టినది. మనుష్యుడు సామెతలో నిలుచుట సామాన్యమైన కీర్తి కాదు.

ఆయన తర్క మొక్కటియే యెఱిగిన వాడు కాడు. పాణిని సూత్రములకు మితాక్షర యను వృత్తిని, కైయటుని ప్రదీపమునకు ఉద్ద్యోతనమను వ్యాఖ్యను రచించెను. పూర్వమీమాంసలో రాణకోజ్జీవినియు, న్యాయమున సిద్ధాంజనమును ఆయనవియే. ఈ పెద్ద గ్రంథములను నేడు తెఱచువారు అరుదు. బాలురకు సుఖముగా బోధపడవలెనను ఉద్దేశముతో వ్రాసిన చిన్న పుస్తకమే ఆయనను బ్రతికించినది. దానిపై దీపిక యను వ్యాఖ్యనుకూడ ఆయనయే వ్రాసెను. మూలము పిల్లవానికి, దీపిక వాని గురువునకు. పిమ్మట గోవర్ధనుడు న్యాయబోధినిని, చంద్రజసింహుడు పదకృత్యమును, నీలకంఠుడు ప్రకాశికను చేర్చిరి. నీలకంఠుని కుమారుడు లక్ష్మీనృసింహుడు తండ్రి వ్యాఖ్యపై మఱల భాస్కరోదయ మను వ్యాఖ్య వ్రాసెను. గంగేశుని తరువాత నవ్యన్యాయము ఎంత దుర్గమమైన అడవి యయ్యెనో తెలిసినవారికే, ఆ అడవి మొదట బాట వేసిన యీ మనుష్యుని ఉపకారము తెలియును.

ఇంతకును తర్కసంగ్రహమున నేమున్నది? ప్రపంచమున నున్నదంతయు ఏడు పదార్థములుగా విభజింపబడినది. అందు మొదటిది ద్రవ్యము, ద్రవ్యములు తొమ్మిది, వానిని ఆశ్రయించియుండు గుణములు ఇరువదినాలుగు. పృథివి, జలము, తేజస్సు, వాయువు అను నాలుగింటికిని రెండేసి రూపములు గలవు. కుండ, నది, దీపము, గాలి అను కార్యరూపము అనిత్యము, పరమాణురూపము నిత్యము. కణాదుడు సూత్రించి, ప్రశస్తపాదుడు విస్తరించిన పరమాణువాదమును అన్నంభట్టు పిల్లవాడు అరచేతిలో పెట్టుకొనునంత చేసి ఇచ్చెను.

ఆ వాద మెట్లు సిద్ధించెనో దీపికలో చెప్పిన తీరు చూడదగినది. ఉదయమున కిటికీ సందున గదిలోనికి వచ్చు ఎండలో సన్నని రేణువులు తేలియాడుట ఎల్లరు చూచినదే. కంటికి కనబడువానిలో అదియే మిక్కిలి చిన్నది. కనబడుచున్నది గనుక కుండవలె దానికిని భాగము లుండవలెను. పెద్దవస్తువును కల్పించు భాగములు గనుక కుండపెంకులవలె వానికిని భాగము లుండవలెను. అచ్చట ఆగవలెను. ఆగనిచో విభాగమునకు అంతమే యుండదు. అనవస్థ యను దోషము కలుగును. ఆవగింజకును మేరుపర్వతమునకును సమానముగా అనంతమైన భాగము లుండుననియు, అప్పుడు రెంటికి పరిమాణభేద ముండదనియు ఆ సంప్రదాయమువారి వాదము. ఆగినచోట నున్నది పరమాణువు. రెండు పరమాణువులు కూడిన ద్వ్యణుకము, మూడు ద్వ్యణుకములు కూడిన త్ర్యణుకము. ఈ త్ర్యణుకమే ఎండలోని రేణువు. అందు ఆఱు పరమాణువు లున్నవన్నమాట. ఈశ్వరేచ్ఛవలన పరమాణువులలో క్రియ పుట్టి, వరుసగా ద్వ్యణుకము, త్ర్యణుకము, చతురణుకము అను క్రమమున మహాపృథివి ఏర్పడునని ఆయన సృష్టిక్రమము వర్ణించెను.

ఇది ఊహ మాత్రమే కదా యని కొట్టివేయువారు కుమ్మరి ఆవముకడకు పోయి నిలువవలెను. పచ్చికుండ నల్లగా నుండును. కాలిన పిమ్మట ఎఱ్ఱనగును. రంగు మాఱిన దెచ్చట? కుండలోనా, కుండను కల్పించిన పరమాణువులలోనా? అగ్నిసంయోగమువలన కుండ పరమాణువులవఱకు విడిపోయి, అచ్చట రంగు మాఱి, మఱల ద్వ్యణుకాది క్రమమున కుండ యగునని వైశేషికులు. అదేమి, ఆవములో కుండ ఆకారము చెదరలేదే, అది ఉన్నదున్నట్లే మాఱినదని నైయాయికులు. మొదటిది పీలుపాకము, రెండవది పిఠరపాకము. దీపికలో ఈ రెండు పక్షములును గలవు. నిప్పు తగిలినపుడు పదార్థములోపల ఏమి జరుగుచున్నదను ప్రశ్న రసాయనశాస్త్రమునకు ప్రాణము. ఆ ప్రశ్నను మన బాలురు శ్లోకములతోపాటు నేర్చుకొనుచుండిరి.

బంగారమును గూర్చిన వాద మింకను వింత యైనది. అన్నంభట్టు బంగారమును మట్టిలో చేర్పలేదు; గనిలో పుట్టిన తేజస్సులో చేర్చెను. కారణము? నేయి కరగును, కాని మంట ఎక్కువైనచో ఆ ద్రవత్వము నశించి మాడిపోవును. బంగారము కరగిన తరువాత ఎంత మంట పెట్టినను దాని ద్రవత్వము నశింపదు. మట్టియే యైనచో నశింపవలసినది గనుక అది మట్టికాదు. ఇందలి నిర్ణయము తప్పు. పరిశీలనము మాత్రము అక్షరాల నిజము. పుటము పెట్టిన బంగారము ఆమ్లజనితో కలియదు, బూడిద కాదు. మూసనుండి ఎట్లు పోయెనో అట్లే వచ్చును. కంసాలి కొలిమిలో చూచినదానిని పండితుడు తర్కమునకు హేతువుగా గైకొనెను.

కాని ఇచ్చటనే ఒక చిక్కు వచ్చినది. ఇరువదినాలుగు గుణములలో గురుత్వ మొకటి. వస్తువు మొదట క్రిందపడుటకు కారణమైన గుణము గురుత్వమనియు, అది పృథివీజలములందు మాత్రమే యుండుననియు తర్కసంగ్రహము చెప్పును. తేజస్సునకు బరువు లేదు. బంగారము తేజస్సు. మఱి కంసాలి గురిగింజలు పెట్టి తూచునది దేనిని? పసుపువన్నెయు బరువును బంగారమున కలిసియున్న పార్థివభాగమునకు చెందినవని సంప్రదాయజ్ఞులు సమాధానము చెప్పిరి. సమాధానము నేర్పైనదే. ఐనను లోకములో వస్తువులన్నిటికన్న జాగ్రత్తగా తూచబడు వస్తువునకు తనదైన బరువే లేదనవలసి వచ్చినది! తక్కెడ కంసాలి ఇంట నుండెను. వైద్యుని మందుసంచిలో నుండెను. కోమటి అంగడిలో నుండెను. పండితుని పీటకడకు మాత్రము రాలేదు. గురుత్వ మున్నదని చెప్పినవాడు ఎంత యున్నదని అడుగలేదు. నా దృష్టిలో మన పరమాణువాద చరిత్రమంతటిలోను ముఖ్యమైన సంగతి ఇది యొక్కటియే.

ఆ ప్రశ్న అడిగినవాడు మఱియొక బడిపంతులు. ఆంగ్లదేశమున కంబర్లండు మండలములో ఈగిల్స్‌ఫీల్డను కుగ్రామమున ఒక పేద సాలెవానికి 1766లో జాన్ డాల్టను పుట్టెను. పండ్రెండవ యేటనే పిల్లలకు పాఠము చెప్పి పొట్టపోసికొనెను. క్వేకరు మతస్థుడగుటచే ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయముల ద్వారములు ఆతనికి మూసియుండెను. 1793లో మాంచెస్టరు చేరి, జీవితాంతము అచ్చటనే చదువు చెప్పుకొనుచు బ్రతికెను. రంగులు ఆతని కన్నులకు సరిగా తెలియవు. ఆ లోపమునుగూర్చి 1794లో తానే వ్యాసము చదివెను. 1787 మొదలు 1844లో మరణించువఱకు ఏబదియేడు సంవత్సరములు ప్రతిదినమును వాతావరణపు లెక్కలు వ్రాసెను. అంకెలయందు అంత వ్యసనము గలవానికిగాని ఆ ప్రశ్న తోచదు కాబోలు.

డాల్టనుకు ముందు రెండు నియమములు సిద్ధమైయుండెను. వానిని మన సున్నపుబట్టీకడ నిలిచి గ్రహింపవచ్చును. నూఱు పాళ్ళు మంచి సున్నపురాయిని కాల్చినచో ఏబదియాఱు పాళ్ళు సున్నము మిగులును. తక్కిన నలువదినాలుగు పాళ్ళు నశించినవా? లేదు, బొగ్గుపులుసు గాలియై ఎగిరిపోయినవి. ఆ గాలిని పట్టి తూచినచో లెక్క సరిపోవును. ఫ్రెంచి పండితుడు లవాజియే 1789లో ప్రకటించిన గ్రంథమున స్థాపించినది ఈ ద్రవ్యనిత్యత్వ నియమమునే. అయిదేండ్లకు విప్లవకారులు ఆతని శిరస్సును ఖండించిరి. ఇక రెండవది. రాతిసున్నమునకు కొండఱాయి కాల్తురు. గుల్లసున్నమునకు సముద్రపు ఆల్చిప్పలు కాల్తురు. ఒకటి కొండలో పుట్టినది. ఒకటి పురుగు కట్టుకొన్న ఇల్లు. మలినములు తీసివైచి చూచినచో రెంటియందును ఏబదియాఱునకు నలువదినాలుగే. పుట్టుక ఏదైనను సంయోగపదార్థమున పాళ్ళు మాఱవు. దీనిని స్థిరానుపాత నియమమందురు. స్పెయినులో పని చేయుచుండిన ప్రూస్తను ఫ్రెంచివాడు, భూమిలో దొరకిన రాగిలవణమును ప్రయోగశాలలో చేసిన రాగిలవణమును పోల్చి 1799 ప్రాంతమున దీనిని నిరూపించెను.

బెర్తొలే యను మహాపండితు డొప్పుకొనలేదు. పాళ్ళు ఎట్లు కావలసిన నట్లు మాఱవచ్చునని ఆతని వాదము. శ్రీకాకుళము జిల్లాలోని బుడితి కంచరుల పని చూచినవారికి బెర్తొలే మాటలో నిజము లేకపోలేదని తోచును. ఇత్తడిలో రాగి ఎక్కువ వేసిన నొక వన్నె, తుత్తునాగము ఎక్కువ వేసిన నొక వన్నె. ఏ పాళ్ళ పోసినను ఇత్తడి ఇత్తడియే. కాని ఇత్తడి లోహముల కలయిక, సున్నపురాయి సంయోగము. ఈ భేదమును కొన్నియేండ్ల వాదోపవాదములలో ప్రూస్తు తేటపఱచెను. ఇరువురును ఒకరినొకరు దూషింపక వాదించిరని చెప్పుదురు. తర్కము చదివిన మన పండితసభలకును ఆ గుణము కొంత అబ్బినచో బాగుండును. 20వ శతాబ్దమున కొన్ని ఘనపదార్థములలో పాళ్ళు స్వల్పముగా మాఱుట నిజమేయని తేలి, వానికి బెర్తొలే పేరే పెట్టిరి.

డాల్టను చేసిన పని యేమనగా, ఈ అంకెల వెనుక పరమాణువులను నిలిపెను. ఒక్కొక్క మూలద్రవ్యమునకు ఒక్కొక్క జాతి పరమాణువు; ఒక జాతివన్నియు ఒకే బరువు; జాతి మాఱిన బరువు మాఱును; సంయోగమనగా ఇన్నిటితో ఇన్ని కూడుట. సగము పరమాణువు లేదు గనుక పాళ్ళు స్థిరముగా నుండును. ఇది నిజమైనచో మఱియొకటి జరుగవలెను: రెండు మూలద్రవ్యములు ఒకటికంటె ఎక్కువ విధముల కలిసినప్పుడు పాళ్ళు చిన్న పూర్ణసంఖ్యల లెక్కలో నుండవలెను. బురదనీటినుండి పుట్టు వాయువును, ఎథిలీను వాయువును శోధించి, ఒకే తూకపు కర్బనమునకు మొదటిదానియందు ఉదజని రెండవదానికి సరిగా రెట్టింపని ఆతడు చూపెను. ఇది గుణితానుపాత నియమము.

దీనికి దృష్టాంతము విజయనగర ప్రాంతముననే యున్నది. చీపురుపల్లి దాపున కోడూరులో 1892లో మాంగనీసు గని తెఱచిరి; భారతదేశమున మాంగనీసు త్రవ్వకమునకు అదియే ఆరంభము. పిమ్మట గర్భాము గనియు ప్రసిద్ధికెక్కెను. అచ్చటి అపూర్వమైన ఒకజాతి శిలకు ఊరి పేరున కోడూరైటని భూగర్భశాస్త్రజ్ఞుడు ఫెర్మరు నామకరణము చేసెను. మాంగనీసు ఆమ్లజనితో పలువిధముల కలియును. ఏబదియైదు పాళ్ళ మాంగనీసునకు ఒకదానిలో పదునాఱు పాళ్ళు ఆమ్లజని, ఒకదానిలో ఇరువదినాలుగు, నల్లని ఖనిజములో ముప్పదిరెండు. ఎనిమిదిచేత భాగించి చూడుడు: రెండు, మూడు, నాలుగు. రెండున్నఱ కాదు, మూడుంబావు కాదు. తన పొలములో త్రవ్విన నల్లఱాయి ఓడయెక్కునపుడు దాని ధర నూటికి మాంగనీ సెంతయను లెక్కపై నిర్ణయమగునని ఆ ప్రాంతపు భూస్వాముల కందఱికి తెలియును. ఆ లెక్కకు మూలము సాలెవాని కొడుకు సూత్రమని తెలిసినవారు కొందఱే.

1803లో డాల్టను పరమాణుభారముల తొలిపట్టికను మాంచెస్టరు పండితసభలో చదివెను. 1808లో తన మహాగ్రంథపు తొలిభాగమును అచ్చువేసెను. అన్నిటికన్న తేలికయైన ఉదజనిని ఒకటిగా బెట్టి తక్కినవానిని గణించెను. అందు తప్పులు లేకపోలేదు. నీటిలో ఒక ఉదజనికి ఒక ఆమ్లజని యని తలచి ఆమ్లజని భారము ఏడనెను. నిజమునకు నీటిలో ఉదజని పరమాణువులు రెండు. ఆమ్లజని భారము పదునాఱు. ఇటలీ దేశపు అవొగాడ్రో 1811లో దారి చూపినను, కానిజారో 1860లో కార్ల్‌స్‌రూ సభలో మఱల ఎత్తి చూపువఱకు లోకము వినలేదు. విజయనగర ప్రభువులు సంస్కృతపాఠశాలను నెలకొల్పిన సంవత్సరమును 1860యే. ఇచ్చట బాలురు ద్వ్యణుకమును వల్లెవేయ మొదలిడిన యేట, అచ్చట ఉదజనివాయువు రెండేసి పరమాణువుల జంటయని నిశ్చయమగుచుండెను.

డాల్టనును పరమాణువును కంట చూడలేదు. ఆతనికిని అనుమానమే ప్రమాణము. పొగ చూచి కొండపై నిప్పున్నదని తెలిసికొనుటెట్లో అన్నంభట్టు నేర్పెను. వంటయింట పొగయు నిప్పును కలిసియుండుట మాటిమాటికి చూచి వ్యాప్తిని గ్రహించినవాడే కొండను గూర్చి చెప్పగలడు. డాల్టను చేసినదియు సరిగా ఇదియే. భేద మెచ్చటననగా, ఆతని పొగ తక్కెడపై కనబడు అంకె. ఎండలోని రేణువునకు భాగము లున్నవనుట హేతువేకాని, ఆ హేతువు ఆఱు పరమాణువులని చెప్పినపుడు కాదనుటకుగాని అవుననుటకుగాని ఎవ్వరికిని సాధనము లేదు. డాల్టను ఏడని చెప్పినపుడు, ఎనిమిదికదా యని ఇంకొకడు తూచి చూపవచ్చును. తప్పు దిద్దుకొనగల తప్పు. అన్నంభట్టు ప్రజ్ఞ డాల్టను ప్రజ్ఞకు తీసిపోయినది కాదు. ఇంకను పదునైనది కూడ కావచ్చును. దానికి తోడు నిలువవలసిన కంసాలి మాత్రము గడప వెలుపల నిలిచిపోయెను.

తర్కసంగ్రహము అచ్చుయంత్రపు కాలమున నూతనముగా పుట్టినది. కాశి సంస్కృతకళాశాలాధ్యక్షుడు బాలంటైను 1851లో దీనికి ఆంగ్లానువాదము ప్రకటించి, మఱుసటి యేట న్యాయమతపు మెట్లమీదుగా పాశ్చాత్యశాస్త్రములను పండితులకు బోధించు గ్రంథమును వ్రాసెను. పృథివికి గుణము గంధమను వాక్యమునుండి ఆధునికశాస్త్రమునకు వంతెన కట్టవలెనను ఆయన యత్నము అంతగా సాగలేదుగాని, వంతెనకు కావలసిన తొలి ఱాయి మన గరికపాటివాని పుస్తకమే యని ఆయన గుర్తించెను. 1897లో అథల్యే, బోడసు పండితులు బొంబాయి సంస్కృత గ్రంథమాలలో దీపికాసహితముగా విపులమైన టిప్పణములతో దీనిని వెలువరించిరి. అదే సంవత్సరమున కేంబ్రిడ్జిలో థామ్సను విద్యుత్కణమును కనుగొని పరమాణువునకును భాగములున్నవని చూపెను.

ఆ 1897లోనే విజయనగరాధీశ్వరులు ఆనందగజపతి మహారాజులు కీర్తిశేషులైరి. ఆయన పేరును ఈ కథలో చేర్చుట మర్యాదకొఱకు కాదు. మాక్సుముల్లరు ఋగ్వేదపు రెండవ కూర్పు 1890-92లో అచ్చయినది ఆయన ధనముతోనే. కాశిలో 1890 మొదలు విజయనగర సంస్కృత గ్రంథమాల యను పేర శాస్త్రగ్రంథములను అచ్చు వేయించినది ఆ సంస్థానమే. ఆర్థరు వెనిసు దానికి సంపాదకుడు. అందు 1895లో వింధ్యేశ్వరీప్రసాద ద్వివేది పరిష్కరణమున వెలువడినది ప్రశస్తపాదభాష్యము, శ్రీధరుని న్యాయకందలితో కూడ. పరమాణువాదమునకు మూలస్తంభమైన గ్రంథమది. అన్నంభట్టు పిల్లలకు చిలికి ఇచ్చిన వెన్నకు అది పాలకుండ వంటిది. కృష్ణాతీరమునుండి ఒక తెలుగువాడు కాశికి పోయి ఆ శాస్త్రమును సంగ్రహించెను. రెండువందల యేండ్లు దాటిన పిమ్మట నాగావళి చంపావతీ తీరముల రైతులు కట్టిన శిస్తు కాశికి పోయి ఆ శాస్త్రపు పెద్దగ్రంథమును అచ్చు వేయించెను. మన ప్రాంతమువారు దీనిని చెప్పుకొనుట కేల సిగ్గుపడవలెను?

చెప్పుకొనుటలోను రెండు తీరులున్నవి. కణాదునికే సర్వము తెలియునని, డాల్టను మన సూత్రములను దొంగిలించెనని సభలలో చప్పట్లు కొట్టించువా రొక తీరు. వీరు ప్రశస్తపాదునిగాని తర్కసంగ్రహమునుగాని చదివినవారు కారని వారి మొదటి మాటతోనే తెలియును. ప్రఫుల్లచంద్రరాయలు తమ హిందూ రసాయనశాస్త్ర చరిత్రమును 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువరించినప్పుడు అవలంబించిన తీరు వేఱు. ప్రాచీనులు చేసిన భస్మములు, క్షారములు, లోహశోధనములు అన్నియు మూలములతో చూపుచునే, విద్యావంతులు చేతిపనిని నీచముగా జూచి కంచరులకు, కంసాలులకు విడిచిపెట్టుటవలన మన శాస్త్రము ఎండిపోయెనని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. ఆయన రెండవ సంపుటములో పరమాణువాదమును గూర్చి వ్రాసినవారు బ్రజేంద్రనాథశీలుగారు. అది చదివిన పిమ్మట తర్కసంగ్రహమును మఱల తెఱచినచో, చిన్ననాడు కంఠస్థము చేసిన వాక్యములకు క్రొత్తకాంతి వచ్చును.

ఎండలోని రేణువుకథకు ఒక ముగింపు కలదు. ద్రవములో తేలు సూక్ష్మరేణువుల కదలికను కొలిచి ఫ్రెంచివాడు పెరిన్ 1908లో పరమాణువుల సంఖ్యకు లెక్క కట్టెను. ఆ లెక్కను బట్టి మిల్లీమీటరులో నూఱవవంతు వెడల్పుగల రేణువులో ఆఱు కాదు, లక్షల కోట్ల పరమాణువులున్నవి. అన్నంభట్టు సంఖ్య తప్పినది. కాని రేణువును చూచి, అది తుది కాదని, దానిలోపల కంటికందని తుది యొకటి యున్నదని ఆయన వ్రాసిన దీపికలోని వాక్యములలో మార్చవలసినది ఆ సంఖ్య యొక్కటియే కాదు. ఆ తుదికి నిత్యత్వము కూడ పోయినది. రేడియముయొక్క పరమాణువు తనంత తానే విచ్చిపోవుచున్నదని 20వ శతాబ్దారంభముననే తెలిసినది.

ఇక బంగారము. దాని పరమాణువు ఉదజని పరమాణువుకంటె ఇంచుమించు నూటతొంబదియైదు రెట్లు బరువు. ఇనుపదానికి మూడున్నఱ రెట్లు. బరువు లేని తేజస్సున చేర్పబడిన వస్తువు తక్కెడలో అంత మ్రొగ్గు చూపినది. అయినను ఎంత మంటకును చెడదని ఆయన చెప్పిన మాటను ఏ కొలిమియు కాదనలేదు. సంస్కృతపాఠశాలలలో బాలురు ఆ పంక్తిని చదువుచునే యున్నారు. పక్కవీధిలోని కంసాలి మూసలో బంగారము కరగుచునే యున్నది. ఆ బాలుని చేయిపట్టి ఒకసారి ఆ కొలిమికడకు తీసికొనిపోవు గురువునకు అన్నంభట్టు దీపిక చేతనుండినచో ఆ దినపు పాఠమునకు వేఱు పుస్తక మక్కఱలేదు.